గోడలో పట్టు

పులివెందుల
4 మార్చి 2025

సకీనాకు,

సలాం. రంజాను నెల కాబట్టి ఆ మాట ముందు రాశాను. ఇంకే నెల అయినా నేరుగా విషయానికి వచ్చేదాన్ని.

నిన్న జమీర్ కువైట్ నుంచి ఫోన్ చేసి నా మాటలు నాకే వినిపించాడు. పోయిన వారం నేను నీతో ఫోన్లో మాట్లాడింది రికార్డు చేసి వాడికి పంపావు. అందులో నేను అరిచింది ఉంది, నన్ను అరిచేలా చేసిన నీ మాటలు లేవు. ఆ ముక్క కోసేశావు. వాడు నీకు మొగుడు కాకముందు నుంచీ నా తమ్ముడు, నేను ఎత్తుకుని తిరిగినవాడు. వాడు నన్ను పట్టుకుని, "అక్కా, నేను ఈడ లారీ తోలేదా, మీ పంచాయితీ తెంపేదా?" అని అడిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇక నీతో ఫోన్ మాటలు లేవు. కాగితం మీద రాస్తాను. కాగితాన్ని కోస్తే కోసిన చోటు కనిపిస్తుంది.

ఇప్పుడు అడగాల్సింది అడుగుతున్నాను. అమ్మకు ఏం మాత్రలు మింగిస్తున్నావు? గోడ హోరుమంటోందని అమ్మ చెబితే నలుగురిలో నవ్వావట. ఆ తర్వాత మతి డాక్టరుకు చూపించావట. అదీ ప్రొద్దుటూరులో చూపిస్తే ఎవరైనా చూస్తారని ఆటోలో జమ్మలమడుగు దాకా తీసుకుపోయావట. ఇవన్నీ మీ పక్కింటి చాంద్‌బీ చెబితే నాకు తెలిశాయి. సాయంత్రం రోజా ఉపవాసం విడిచే వేళకు కూడా అమ్మ లేవలేక మంచానికి అతుక్కుపోయి ఉంటోందని చెప్పింది.

చెవిలో హోరు అంటే చెవి డాక్టరుకు చూపిస్తారు. మతి డాక్టరుకు ఎవరూ చూపించరు. అమ్మకు డెబ్బై దాటినా గండికోట రిజర్వాయరు నీళ్లలో మునిగిపోయిన మా ఊళ్లో ఏ ఇంటి పక్కన ఏ ఇల్లు ఉండేదో ఇప్పటికీ వరసగా చెబుతుంది. మతి పోయిన మనిషి అలా చెప్పగలదా?

ఆ మాత్రలు ఆపెయ్యి. ఆపినట్టు జవాబు రాయి.

ఇష్రత్


ప్రొద్దుటూరు
8 మార్చి 2025

ఇష్రత్ ఆపాకు,

వాలేకుం సలాం. నెల ఏదైనా నేను సలాం ఎగ్గొట్టను.

అవును, రికార్డు చేశాను. కిందటిసారి నువ్వు నన్ను అన్నవన్నీ అనలేదని మీ తమ్ముడితో చెప్పావు. ఆయన నీ మాటే నమ్మాడు. నేను ఇంకేం చేయాలి?

పులివెందులలో కూర్చుని, అంగన్‌వాడీ పిల్లలకు గుడ్లు పంచి ఇంటికి పోయి, కాళ్లు చాపుకుని నాకు జాబు రాయడం సులువే. మీ ఊరు మునిగినప్పటి నుంచి ఐదేళ్లుగా అత్తమ్మ నా దగ్గరే ఉంది. నీ దగ్గర ఐదు రోజులైనా ఉందా? ఉంటే చెప్పు, ఈ జాబు చించేస్తాను.

సంక్రాంతి పోయినప్పటి నుంచి అత్తమ్మ తన గదిలో గోడకు చెవి ఆనించి కూర్చుంటోంది. ఒకప్పుడు బట్టల గూడు ఉండేదే, మీ తమ్ముడు ముందర ఇటుక కట్టించి మూయించాడే, ఆ గోడకే. దగ్గరికి పోతే చేత్తో ఉష్ అంటుంది. సరే, ముసలితనం అనుకున్నాను. కానీ ఇప్పుడు ఆ గోడలో పట్టుచీరలు ఉన్నాయని పాలమనిషికీ చాంద్‌బీకీ వీధిలో పోయేవాళ్లకూ చెబుతోంది. ఆపా, నా పని ఏందో నీకు తెలుసు. అంగళ్ల నుంచి పట్టుచీరలు తెచ్చి కొంగులకు కుచ్చులు కడతాను. పరాయి చీరలు నమ్మకం మీద నా ఇంటికి వస్తాయి. ఈ మాట బజారుకెక్కింది. ఒక అంగడాయన మనిషిని పంపి, నేను కట్టనివీ కట్టినవీ అన్నీ వెనక్కి తీసుకుపోయాడు. ఆ మనిషి పోతూ పోతూ నా గోడల వైపు చూశాడు. నా ఇజ్జత్ ఆ చూపుతోనే పోయింది.

ఇంకా విను. ఆ గోడ మీద గోధుమరంగు మరక లేచింది, తడిగా, జిగటగా. వెనకింటివాళ్ల స్నానాలగది పైపు కారుతోందని వాళ్లతో గొడవ పడ్డాను. వాళ్లు పైపు విప్పి ఎండిన గోడ చూపించి నా మొహం మీదే తలుపేసుకున్నారు. ఆ మరక కింద చీమల బారు. గదిలోకి పోతే బెల్లం పాకం వాసన. అత్తమ్మకు షుగర్ ఉంది, రోజా వద్దంటే వినకుండా ఉంటోంది. ఉంటోందని నేను అనుకున్నాను. పరుపు ఎత్తి చూశాను, పెట్టె వెనక చూశాను, బెల్లం దొరకలేదు. వాసన మాత్రం పోలేదు. రోజా అని చెప్పి చాటుగా బెల్లం తినే మనిషికి మతి ఉందనుకోమంటావా, లేదనుకోమంటావా? లేదనుకోవడమే మర్యాద అని డాక్టరుకు చూపించాను.

మాత్రలు ఆపను. డాక్టరు చెబితేనే ఆపుతాను.

సకీనా


పులివెందుల
13 మార్చి 2025

సకీనా,

నీ జాబు రోజాలో ఉండగా చదివాను. చదివాక నోటికి వచ్చినవన్నీ మింగేసరికి దాహం రెట్టింపు అయింది.

అమ్మ రోజాలో బెల్లం తిన్నదా? నేను కడుపులో ఉన్నప్పుడు కూడా రోజాలు విడవని మనిషి ఆమె. నాన్న మంచాన పడిన ఏడాది అన్నం లేక ఉన్నవి ఎన్నో, రోజా అని ఉన్నవి ఎన్నో ఆమెకే తెలుసు. అలాంటి మనిషి పరుపు ఎత్తి బెల్లం వెతికావు. చేతులు ఎలా వచ్చాయి నీకు? ఇల్లు ఊడ్చి తుడిస్తే చీమలు ఎందుకు వస్తాయి? నువ్వు తుడవని గదికి ఆమె మీద దొంగతనం అంటగడుతున్నావు.

ఇక పట్టుచీర సంగతి. నువ్వు రాసింది చదివి నాకు వేరే అనుమానం వచ్చింది. అమ్మ వట్టినే ఏదీ అనదు. అమ్మ పెళ్లినాటి ధర్మవరం పట్టుచీర ఒకటి ఉంది. ఊరు ఖాళీ చేసేటప్పుడు ఇత్తడి బిందెలు వదిలేసి దాన్ని మాత్రం ఒళ్లో పెట్టుకుని ట్రాక్టరెక్కింది. అది ఇప్పుడు ఎక్కడుంది? ఆ చీర గురించి అమ్మ మాట్లాడుతోందని నీకు తెలియదా? నీ చేతికి రోజూ పట్టే తగులుతుంది, అందులో ఒకటి ఎక్కువైతే లెక్క తెలియదనుకున్నావా? ఏ గోడ పగలగొడితే అది బయటపడుతుందో చెప్పు, నేనే గునపం పట్టుకుని వస్తాను.

లేదు, రాను. నీ గడప తొక్కనని ఈ నెలలో ఒట్టు పెట్టుకున్నాను. నువ్వు అమ్మకు తప్పయిందని చెప్పే దాకా ఆ ఒట్టు తీయను.

ఇష్రత్


ప్రొద్దుటూరు
19 మార్చి 2025

ఆపా,

నన్ను దొంగను చేశావు. నా సొంత వదిన స్థానంలో ఉండి చేశావు.

మీ అమ్మ పెట్టెను చాంద్‌బీని పక్కన కూర్చోబెట్టుకుని తెరిచాను. ధర్మవరం చీర అడుగున, కలరా ఉండల మధ్య, మడత నలగకుండా ఉంది. చాంద్‌బీ చేత్తో ముట్టుకుని చూసింది. అడిగి తెలుసుకో. అయితే ఆమె ఇక నీ ఫోను ఎత్తుతుందో లేదో. ఇద్దరి మధ్య తనను లాగొద్దని దండం పెట్టి పోయింది.

అత్తమ్మ వట్టినే ఏదీ అనదని రాశావు కదా. అయితే ఈసారి ఆమె నోట వచ్చింది వచ్చినట్టే రాస్తున్నా, ఒక అక్షరం మార్చకుండా. నిన్న నేను మేస్త్రీని పిలిపించి గోడ చూపిస్తుంటే ఆమె మంచం మీద నుంచి లేచి అన్నది: "గోడలో పట్టు ఉండాది. ఆ తూటు మూయాకండి. మూస్తే ఇంట్లేకి వస్తాయి."

ఏమి వస్తాయి ఇంట్లోకి? పట్టుచీరలు నడిచి వస్తాయా? మేస్త్రీ కరీముల్లా నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగాడు. ఈ మనిషికి మతి బాగుందని నువ్వు నాకు జాబులు రాస్తున్నావు.

ఆదివారం కరీముల్లా వచ్చి మరక గీకి సిమెంటు పూస్తాడు. బయటి వైపు కిటికీ సజ్జా కింద పాత పైపు తూటు ఒకటి ఉంది, దాన్నీ మూసేస్తాడు. ఆ తూటు దగ్గర పగలంతా ఏవో ఈగలు ముసురుతుంటాయి. రోజూ పొద్దున కిటికీ కింద కొన్ని చచ్చి పడి ఉంటాయి. వాటిని కూడా మీ అమ్మ కాగితంలోకి ఊడ్చి, పాపం అనుకుంటూ మందారం చెట్టు మొదట్లో పోస్తుంది. చచ్చిన ఈగల మీద ఉన్న జాలి నా మీద లేదు.

నీ నంబరు బ్లాకు చేశాను. జాబులు కూడా ఇక వద్దు. పంపినా విప్పను.

సకీనా


పులివెందుల
22 మార్చి 2025, మధ్యాహ్నం

సకీనా,

కవరు మీద విప్పు అని పెద్దగా రాశాను. విప్పు. తిట్టడానికి రాయడం లేదు.

ఆ తూటు మూయించొద్దు. రేపు మేస్త్రీని రానియ్యొద్దు. గోడలో ఉన్నది తేనెపట్టు. మా ఊళ్లో దాన్ని ఉత్త పట్టు అనే అంటారు. తుమ్మచెట్టుకు పట్టు పట్టింది, మిద్దె గోడలో పట్టు పట్టింది అంటారు. మీ పుట్టింట్లో మాట్లాడేది ఉర్దూ, నువ్వు తెలుగు నేర్చింది బడిలో, బతికేది చీరల మధ్య. నీ చెవికి పట్టు అంటే చీరే. అమ్మ పట్టు అంటే నువ్వు పట్టుచీర అని రాశావు. నేను నీ రాతే చదివి చీర కోసం నీ మీద పడ్డాను. అమ్మ అన్న మాట అన్నట్టుగా మొదటి జాబులోనే రాసి ఉంటే నాకు అప్పుడే తెలిసేది.

ఆ హోరు తేనెటీగలది. నువ్వు ఎందుకు వినలేదంటే గోడకు చెవి పెట్టలేదు కాబట్టి. అరచెయ్యి ఆనించి చూడు, ఆ భాగం పక్క గోడ కంటే వెచ్చగా ఉంటుంది. గోధుమ మరక నీరు కాదు, లోపలి తేనె ఇటుకల సందుల్లోంచి ఊరుతోంది. చీమలు దానికే వచ్చాయి. బెల్లం వాసన కూడా అదే. చచ్చిన ఈగను తిప్పి చూడు, వెనక చారలుంటాయి. మామూలు ఈగలైతే అక్కడా ఇక్కడా ముసురుతాయి. ఇవి ఆ ఒక్క తూట్లోకే పోతూ వస్తూ ఉంటాయి, కొన్నిటి కాళ్లకు పసుపు పొడి అంటి ఉంటుంది. నువ్వు అన్నీ చూశావు సకీనా, అన్నీ రాశావు. నేనూ అన్నీ చదివాను. ఇద్దరం ఒకరినొకరు తిట్టుకోవడానికి వాడుకున్నాం.

తూటు మూస్తే వాటికి బయటి దారి ఉండదు. అమ్మ గదిలో స్విచ్చిబోర్డు ఉన్నది ఆ గోడకే. దాని సందుల్లోంచి లోపలికి వస్తాయి. మా చిన్నాయన ఇంట్లో ఇలాగే మూస్తే, గొడ్లను విప్పే వ్యవధి కూడా లేకపోయింది. గండికోట వైపు తేనె తీసేవాళ్లు ఉంటారు, వాళ్లను పిలిపిస్తే పొగపెట్టి పట్టు మొత్తం తీస్తారు. అప్పటిదాకా అమ్మను ఆ గదిలో పడుకోబెట్టొద్దు. మాత్రలు వేసి అసలు పడుకోబెట్టొద్దు.

నీ ఫోన్ కలవదు. చాంద్‌బీ నా గొంతు వినగానే పెట్టేసింది. జమీర్ డ్యూటీలో ఉన్నాడు, వాట్సాప్‌లో చెప్పి పెట్టాను, ఎప్పుడు వింటాడో తెలియదు. ఈ జాబును సాయంత్రం బస్సు డ్రైవరుకు ఇచ్చి మీ వీధి చెప్పి పంపుతున్నాను. నేనే వచ్చేదాన్ని, కానీ ఒట్టు ఉంది. నువ్వు ఇది చదివితే చాలు.

ఇష్రత్


ప్రొద్దుటూరు
28 మార్చి 2025

ఆపా,

ఆసుపత్రిలో నువ్వు నా మొహం చూడలేదు. అత్తమ్మను నీ వెంట తీసుకుపోయేటప్పుడు కూడా ఆమె బట్టల సంచి మాత్రమే అడిగావు. అందుకే రాస్తున్నాను. కుడి చెయ్యి ఇంకా వాపు దిగలేదు, అక్షరాలు వంకరగా ఉంటే అందుకే.

నీ జాబు శనివారమే అందింది. డ్రైవరు ఇంటికి వచ్చి ఇచ్చాడు. కవరు మీద నువ్వు రాసింది చదివాను, ఫ్రిజ్ మీద పెట్టాను. విప్పనన్నాను కదా, మాట మీద నిలబడ్డాను.

ఆదివారం కరీముల్లా పొద్దున్నే వచ్చి ముందు బయటి తూటు మూశాడు. తర్వాత లోపలి మరక గీకి సిమెంటు పూసి పోయాడు. అత్తమ్మ వద్దని అడ్డం పడింది. నేనే చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టి, రోజా అంటున్నా వినకుండా మాత్ర వేశాను. ఆమె నోట్లో నేనే నీళ్లు పోశాను. ఆమె రోజాను నేను చెడగొట్టాను. తలుపు దగ్గరగా వేసి ముందు గదిలో కుచ్చుల పని పెట్టుకున్నాను.

మధ్యాహ్నం దాటాక హోరు నాకూ వినిపించింది, గోడకు చెవి పెట్టకుండానే. తలుపు తోసేసరికి గది నల్లగా ఉంది. స్విచ్చిబోర్డు అంచుల నుంచి పొంగుతున్నట్టు వస్తున్నాయి. అత్తమ్మ లేవలేక మొహం మీద చేతులు పెట్టుకుని పడి ఉంది. అరవడం లేదు. మాత్ర మత్తులో అరవడానికి కూడా ఓపిక లేదు. దుప్పటి కప్పి, చంకల కింద చేతులు వేసి ఈడ్చుకుంటూ వీధిలోకి తెచ్చాను. మీ తమ్ముడి వాయిస్ మెసేజి ఆసుపత్రికి పోయే ఆటోలో వచ్చింది.

తర్వాత గోడ పగలగొట్టించాము. పాత గూడు నిండా పొరలు పొరలుగా పట్టు. కరీముల్లా అది చూసి నా వైపు చూడలేదు.

మీ తమ్ముడు నాలుగు రోజులుగా ఒకటే తిడుతున్నాడు. డాక్టరుకు చూపించమని ఒత్తిడి చేసిందీ, గోడకు సిమెంటు పూయించమన్నదీ ఆయనే. ఆ మాటలు ఆయనకు గుర్తులేవు. తిట్టనీ, నేను పడతాను. కానీ నీ మాట పడను. నీకు తెలిసింది ఆపా. శనివారం మధ్యాహ్నమే తెలిసింది. పులివెందుల నుంచి ఇక్కడికి ఎంతసేపు? కాగితాన్ని బస్సెక్కించావు, నువ్వెక్కలేదు. నా గడప అంత అంటరానిదా? వచ్చి, నన్ను జుట్టు పట్టి పక్కకు లాగి, అత్తమ్మను తీసుకుపోయి ఉంటే నేను ఏమీ అనేదాన్ని కాదు.

నేను విప్పలేదు, నువ్వు రాలేదు. తప్పు ఎవరిదని వీధిలో అడుగుతున్నారు. నాకు కోపం తగ్గడం లేదు, ఎవరి మీద పెట్టుకోవాలో తెలియడం లేదు.

అత్తమ్మ ఎలా ఉంది? ఆ ఒక్కటి రాయి.

సకీనా


పులివెందుల
9 ఏప్రిల్ 2025

సకీనాకు,

సలాం.

ఈ జాబును నిన్ను తిట్టడానికే మొదలుపెట్టాను. రెండు కాగితాలు రాసి చించేశాను. బస్సు గురించి నువ్వు అన్నది నిజం, ఆ శనివారం నేను ఎక్కలేదు. ఇక నిన్ను ఎంత తిట్టినా ఏం లాభం?

అమ్మ మొహం వాపు దిగింది. ఎడమ కన్ను ఇంకా పూర్తిగా తెరవడం లేదు, కాని చూపుకు ఢోకా లేదన్నారు. మాత్రలు ఆపించాను. ఇక్కడి డాక్టరు గంట సేపు మాట్లాడించి, ఈమె మతికి ఏమీ కాలేదు అన్నాడు. ఆయనతో మాట్లాడింది. మాతో మాట్లాడదు.

అదే నీకు రాయాల్సింది. ఇంట్లో ఎవరు ఏం అడిగినా అమ్మ సరిగ్గా చెప్పదు. పండగ రోజు కొత్తచీర ఇస్తే కట్టుకుంది, బాగుందా అంటే, "నాకేం తెల్సు, మతి లేనిదాన్ని" అంది. ఎండగా ఉందా, ఫ్యాను వెయ్యాలా అన్నా అదే మాట. నవ్వుతూ అనదు, ఏడుస్తూ అనదు. ఊరికే అంటుంది. మొదట్లో నేను నీ మీద మండిపడ్డాను, నువ్వు అన్న మాటే కదా తిరిగి అంటోందని. మాత్ర నువ్వు వేశావు, పిచ్చిది అని నువ్వు అన్నావు. అన్నీ నీ మీదికే తోసుకుంటూ వచ్చాను.

నిన్నటితో అదీ చేతకాకుండా పోయింది. వచ్చినప్పటి నుంచి అమ్మ సరిగ్గా తినడం లేదు. సంగటి గట్టిగా చేస్తాను, చిన్నప్పటి నుంచి అమ్మకు అలాగే ఇష్టం. ముద్ద ముట్టి వదిలేస్తుంది. పప్పు చేసినా, పుల్లగూర చేసినా అంతే. నిన్న కంచం ముందు పెట్టుకుని కూర్చుని, అమ్మా, నీకు ఏం కావాలో చెప్పు, అదే చేస్తాను అని బతిమాలాను.

కంచం పక్కకు జరిపి అమ్మ అంది: "నన్నడిగేదేందిమ్మా. నా సంగతులన్నీ మీరిద్దరూ జాబులు రాసుకోనే కదా తెలుసుకునేది. సకీనాకు రాసి కనుక్కో."

నేను లేచి వంటింట్లోకి పోయి నిలబడ్డాను. నెల రోజులు ఆమె గురించి నీకూ నాకూ మధ్య ఇన్ని కాగితాలు నడిచాయి. చాంద్‌బీకి ఎన్నిసార్లు ఫోన్ చేశానో. ప్రతిసారీ నీ సంగతులే అడిగాను. ఫోను ఒకసారి అమ్మకు ఇవ్వు, గోడలో ఏముందమ్మా అని ఆమెనే అడుగుతాను అని నాకు తట్టలేదు. నువ్వు పక్క గదిలో ఉండి అడగలేదు. అడిగి ఉంటే ఒక్క మాటలో చెప్పేది.

అమ్మ చెప్పింది కాబట్టి రాస్తున్నాను. కోపం పెట్టుకోవాలంటే పెట్టుకో, జవాబు మాత్రం రాయి. నాకు తెలిసిన అమ్మ ఐదేళ్ల కిందటి అమ్మ. నీ దగ్గర అమ్మ ఏం తినేది?

ఇష్రత్